మన స్టీలు గిన్నె వెనక కథ: హిసార్ నుంచి కొత్తవలస దాకా జిందాల్ స్టెయిన్‌లెస్

పోయిన వేసవిలో అమ్మ విజయనగరం నుంచి చాండ్లర్ వచ్చింది. మన అమ్మలందరిలాగే రెండు సూట్‌కేసుల్లో ఒకదాన్ని పచ్చళ్లతో, పొడులతో నింపింది. రెండోదాంట్లో సగం బరువు స్టీలు గిన్నెలదే. ఒకదాంట్లో ఒకటి ఇమిడే అయిదు గిన్నెలు, వాటి అంచుల మీద మా పాప పేరు చెక్కించి మరీ తెచ్చింది. "ఇక్కడ దొరకవా అమ్మా?" అని అడిగితే, "దొరుకుతాయేమో గానీ పేరు చెక్కి ఇస్తారా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడో నెలలో ఒక ఆదివారం పొద్దున్న అమ్మ వంటింట్లోంచి పిలిచింది. "ఏటే ఇది? స్టీలుకి తుప్పేటి?" ముందురోజు రాత్రి మిగిలిన బెండకాయ పులుసు ఆ గిన్నెలోనే ఉండిపోయింది. కడిగి చూస్తే అడుగున గుండుసూది మొనంత గోధుమరంగు చుక్కలు పది పన్నెండు కనిపించాయి. ఎంత తోమినా పోలేదు.

అమ్మ ముఖం చిన్నబోయింది. కొట్టతను త్రీ నాట్ ఫోర్ స్టీలని చెప్పాడట. అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు చూడండని చూపించాడట. "గుంటకి మొదటిసారి పేరు చెక్కించి ఇచ్చిన సామాను. మోసం చేసీసాడు" అని రోజంతా అదే మాట. ఆ గిన్నెను కనబడకుండా పైఅలమర్లో వెనక్కి తోసేసింది కూడా.

నాకు ఆ విషయం అలా వదిలేయాలనిపించలేదు. మర్నాడు అమ్మనీ, గిన్నెనీ కారులో ఎక్కించుకుని స్క్రాప్ యార్డుకి వెళ్లాను. పాత లోహాలు కొనేవాళ్ల దగ్గర పిస్తోలు ఆకారంలో ఒక పరికరం ఉంటుంది. దాన్ని ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఎనలైజర్ అంటారు. లోహం మీద ఆనించి మీట నొక్కితే అందులో ఏ మూలకం ఎంత శాతం ఉందో కొన్ని సెకన్లలో తెర మీద చూపిస్తుంది. మా గిన్నెకి క్రోమియం 15 శాతం దాటింది. మాంగనీసు 9 దగ్గర ఉంది. నికెల్ మాత్రం 1 శాతం కూడా లేదు. "ఇది స్టెయిన్‌లెస్సే, కాకపోతే 200 సిరీస్. 304 ధర రాదు" అన్నాడతను.

అమ్మకి అర్థమైంది ఒక్కటే: స్టెయిన్‌లెస్సే. "అయితే దొంగ స్టీలు కాదా?" అని రెండుసార్లు అడిగింది. కాదు. కానీ చెప్పి అమ్మిన స్టీలూ కాదు. ఈ రెండింటికీ మధ్య ఉన్నది తెలియాలంటే మన దేశంలో స్టెయిన్‌లెస్ స్టీలు ఎలా ఎదిగిందో తెలియాలి. ఆ కథలో పెద్ద పాత్ర జిందాల్ స్టెయిన్‌లెస్ అనే సంస్థది. అందులో ఒక అధ్యాయం మా ఊరి పక్కనే, కొత్తవలసలో ఉందని నాకు ఇన్నేళ్లూ పట్టలేదు.

ముందుగా: స్టీలు అంటే ఒకటి కాదు

మనం "స్టీలు" అని ఒకే మాటతో పిలిచేది నిజానికి పెద్ద కుటుంబం. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే అది స్టెయిన్‌లెస్ అవుతుంది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనిపించనంత పలచని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్లీ ఏర్పడుతుంది. తుప్పు పట్టకపోవడానికి కారణం అదే. మెరుపుకీ దీనికీ సంబంధం లేదు.

జర్మనీలో క్రుప్ సంస్థ పరిశోధకులు 1912లో క్రోమియం, నికెల్ కలిపిన ఉక్కుకు పేటెంట్ దరఖాస్తు చేశారు. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల కోసం ప్రయోగాలు చేస్తూ తుప్పు పట్టని ఉక్కును తయారు చేశాడు. షెఫీల్డ్ చాకులకు, కత్తులకు పేరున్న ఊరు కాబట్టి ఆ ఉక్కు ముందుగా భోజనాల బల్ల మీదికే వచ్చింది.

ఇప్పుడు మన ఇళ్లలో ఉండేవి ముఖ్యంగా మూడు రకాలు.

304: క్రోమియం సుమారు 18, నికెల్ సుమారు 8 శాతం. అమెరికాలో గిన్నెల అడుగున "18/8" అనీ, నికెల్ ఇంకాస్త ఎక్కువుంటే "18/10" అనీ ముద్రించేది ఈ రకాన్నే.

430: క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ దాదాపు ఉండదు. "18/0" అంటే ఇదే. అయస్కాంతానికి అంటుకుంటుంది.

200 సిరీస్: ఖరీదైన నికెల్‌ని బాగా తగ్గించి, ఆ స్థానంలో మాంగనీసు, కొంచెం నత్రజని, కొన్ని రకాల్లో రాగి కలుపుతారు. 304 లాగే ఇదీ అయస్కాంతానికి అంటుకోదు.

కొట్లో అమ్మకి చూపించిన అయస్కాంతం పరీక్ష ఎందుకు చెల్లదో ఇక్కడ తెలుస్తుంది. అంటుకోలేదంటే 304 అయినా కావచ్చు, 200 సిరీస్ అయినా కావచ్చు. పైగా అసలైన 304ని గిన్నెగా సాగదీసినప్పుడు మలుపుల దగ్గర కాస్త అయస్కాంత గుణం వస్తుంది. అంటే మంచి గిన్నె కూడా ఈ పరీక్షలో తప్పవచ్చు.

హిసార్ బకెట్ల నుంచి

జిందాల్ కథ హర్యానాలో మొదలవుతుంది. ఓం ప్రకాశ్ జిందాల్ 1930లో హిసార్ దగ్గర నల్వా గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. 1950లలో హిసార్‌లో బకెట్లు తయారు చేసే చిన్న యూనిట్‌తో పరిశ్రమలోకి వచ్చారు. తర్వాత పైపులు, ఆ తర్వాత 1970లో జిందాల్ స్ట్రిప్స్. నేటి జిందాల్ స్టెయిన్‌లెస్ తన పుట్టుకను ఆ 1970 నుంచే లెక్కించుకుంటుంది. స్ట్రిప్స్ అంటే పట్టీలు. ఉక్కును వేడి చేసి రోలర్ల మధ్య నలిపి పలచని పట్టీలుగా సాగదీసే పని.

మన ఇళ్లలో అప్పటి సంగతి గుర్తు చేసుకోండి. నీళ్లకి ఇత్తడి బిందె, అన్నానికి సత్తు గిన్నె, పులుసుకి కళాయి పూసిన ఇత్తడి గిన్నె లేదా రాతి చిప్ప. కళాయి పోతే పులుపు వస్తువు వండకూడదు, కళాయివాడు వచ్చేదాకా ఆగాలి. స్టీలు గిన్నెకి ఆ బెడద లేదు. బూడిదతో తోముతే చాలు. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే అమ్మలు వీధిలోకి వస్తే, మా అమ్మ పాత చీరలన్నీ పరిచి గంటసేపు బేరమాడేది. పెళ్లికి "స్టీలు సామాను" పెట్టడం ఒక హోదా అయింది. ప్రపంచంలో చాలాచోట్ల స్టెయిన్‌లెస్ స్టీలు మొదట ఫ్యాక్టరీల్లోకి, ఆస్పత్రుల్లోకి వెళ్లింది. మన దేశంలో దాన్ని నిలబెట్టింది వంటిల్లు.

ఆ గిరాకీకి సరిపడా రేకు కావాలి. ప్రభుత్వ రంగంలో తమిళనాడులోని సేలం ఉక్కు కర్మాగారం 1980ల మొదట్లో స్టెయిన్‌లెస్ రేకుల తయారీ మొదలుపెట్టింది. ప్రైవేటు రంగంలో హిసార్ ముందుకొచ్చింది. గిన్నెల కోసం వెళ్లే రేకుతో పాటు అక్కడ క్రమంగా షేవింగ్ బ్లేళ్లకు వాడే పలచని పట్టీ, నాణేలకు కావలసిన గుండ్రటి బిళ్లలు కూడా తయారయ్యాయి. మన రూపాయి, రెండు రూపాయల నాణేలు నికెల్ లేని, అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్‌తో చేసినవి. ఇండియా వెళ్లినప్పుడు పిల్లలకి అయస్కాంతం ఇచ్చి చూపించండి, సరదా పడతారు. హైదరాబాద్ చర్లపల్లిలోని ప్రభుత్వ టంకశాల లాంటి చోట్ల ముద్ర పడేది ఇలాంటి బిళ్లల మీదే.

ఒక గందరగోళం తీర్చేయాలి. "జిందాల్" అనగానే రాయలసీమవాళ్లకి బళ్లారి దగ్గర తోరణగల్లు గుర్తొస్తుంది, మా ఉత్తరాంధ్రవాళ్లకి శృంగవరపుకోట దగ్గర బొడ్డవర భూములు గుర్తొస్తాయి. ఆ రెండూ జేఎస్‌డబ్ల్యూవి. ఓపీ జిందాల్‌కి నలుగురు కొడుకులు, వ్యాపారాలు నాలుగుగా విడిపోయాయి. పృథ్వీరాజ్‌ది పైపుల సంస్థ జిందాల్ సా, సజ్జన్‌ది జేఎస్‌డబ్ల్యూ, నవీన్‌ది జిందాల్ స్టీల్, రతన్‌ది జిందాల్ స్టెయిన్‌లెస్. ఇక్కడ నేను చెబుతున్నది ఈ చివరి దాని గురించే.

కొత్తవలస ఎందుకు?

చిన్నప్పుడు అరకు వెళ్లే రైలెక్కితే కొత్తవలస దగ్గర లైను విడిపోయేది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి చేర్చడానికి 1960లలో జపాన్ ఒప్పందంతో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. మా మావయ్య కిటికీలోంచి చూపిస్తూ, ఇటు ఫ్యాక్టరీలు, అటు కొండలు అని చెబుతుండేవాడు. మేం కొండల వైపే చూసేవాళ్లం.

ఆ ఫ్యాక్టరీల వైపు ఉన్నదాంట్లో జిందాల్ వారి ఫెర్రో క్రోమ్ యూనిట్ ఒకటి. ఏడాదికి సుమారు 40 వేల టన్నుల సామర్థ్యంతో పెట్టింది. హర్యానా సంస్థకి అంత దూరంలో మా విజయనగరం జిల్లాలో ఏం పని?

స్టెయిన్‌లెస్‌కి ప్రాణం క్రోమియం. అది భూమిలో క్రోమైట్ అనే ఖనిజంగా దొరుకుతుంది. మన కొండపల్లి కొండల్లోనూ కొంత ఉంది గానీ, దేశంలోని క్రోమైట్‌లో 90 శాతం పైగా ఒడిశాలోని సుకిందా లోయలోనే ఉంది. ఆ ఖనిజాన్ని బొగ్గుతో కలిపి, పెద్ద విద్యుత్ కొలిమిలో కరిగిస్తే ఫెర్రో క్రోమ్ వస్తుంది. ఒక్క టన్నుకి మూడు వేల యూనిట్లకు పైగా కరెంటు కావాలి. అంటే ఖనిజానికి రైలు, బయటి సరుకుకి పోర్టు, కొలిమికి కరెంటు, ఈ మూడూ దగ్గరగా ఉండాలి. విశాఖకి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో, రైల్వే జంక్షన్ ఉన్న కొత్తవలస ఆ లెక్కకి సరిపోయింది. అదే జిల్లాలో గరివిడిలో 1950ల నుంచే ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ మాంగనీసుతో ఇలాంటి పని చేస్తూ వచ్చింది కాబట్టి, కొలిమి దగ్గర పని తెలిసిన మనుషులు కూడా ఆ ప్రాంతంలో ఉన్నారు.

దీనికి ఒక అమెరికా ముడి కూడా ఉంది. కొలిమిలో చవగ్గా వచ్చే ఫెర్రో క్రోమ్‌లో కార్బన్ ఎక్కువ. స్టెయిన్‌లెస్‌లో కార్బన్ చాలా తక్కువ ఉండాలి. మామూలుగా ఆక్సిజన్ ఊది కార్బన్ తీసేయబోతే, విలువైన క్రోమియం కూడా కాలిపోయేది. ఆర్గాన్‌ని ఆక్సిజన్‌తో కలిపి ఊదితే కార్బన్ పోయి క్రోమియం మిగులుతుందని యూనియన్ కార్బైడ్ పరిశోధకులు కనిపెట్టారు. 1968లో ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లో జోస్లిన్ స్టీల్ దాన్ని మొదటిసారి వ్యాపార స్థాయిలో వాడింది. ఏఓడీ అనే ఆ పద్ధతి వచ్చాక, కార్బన్ ఎక్కువున్న చౌక ఫెర్రో క్రోమ్ ప్రపంచమంతటా స్టెయిన్‌లెస్‌కి ముడిసరుకైంది. కొత్తవలస లాంటి చోట తయారయ్యే సరుకుకి విలువ వచ్చింది అలాగే.

కరెంటు మీద ఇంతగా ఆధారపడిన పరిశ్రమ కావడంతో, యూనిట్ ధర పెరిగితే కొలిమి ఆగుతుంది. ఉత్తరాంధ్రలో ఫెర్రో అల్లాయ్స్ కార్మికుల ఇళ్లలో కరెంటు చార్జీల వార్త జీతం వార్తతో సమానం. మన గిన్నెలో క్రోమియం 15 శాతమా 18 శాతమా అని చూసేటప్పుడు, ఆ కొలిమి ముందు నిలబడినవాళ్లని కూడా ఒకసారి తలుచుకోవాలి.

నికెల్ లేని దేశం చేసిన ఉపాయం

క్రోమియం ఉంది, సరే. నికెల్ సంగతి? మన దేశం తనకి కావలసిన నికెల్‌ని దాదాపు అంతా దిగుమతి చేసుకోవాల్సిందే. పైగా దాని ధర ఉయ్యాల. 2007లో టన్ను 50 వేల డాలర్లు దాటి, మరుసటి ఏడాది చివరికి 10 వేల దగ్గరికి పడిపోయింది. 304 రేకు ధరలో పెద్ద వాటా నికెల్‌దే కాబట్టి, ఆ ధరతో పాటే గిన్నె ధరా ఊగుతుంది.

నికెల్ తగ్గించి మాంగనీసు వేసే ఆలోచన మన దేశంలో పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం, కొరియా యుద్ధం రోజుల్లో నికెల్ కొరత వచ్చినప్పుడు అమెరికాలోనే ఆ రకాలు రూపుదిద్దుకున్నాయి. 1955లో వాటికి 201, 202 అనే ప్రామాణిక సంఖ్యలు ఇచ్చారు. కొరత తీరగానే అమెరికా మళ్లీ 304కి వెళ్లిపోయింది. మనకి మాత్రం కొరత తీరలేదు. జిందాల్ ఆ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లి సొంత రకాలు చేసింది. జె1లో నికెల్ సుమారు 4 శాతం, జె4లో సుమారు 1 శాతం. ఈ పేర్లు ఎంతగా పాకాయంటే, ఇప్పుడు వేరే మిల్లుల రేకుని కూడా బజార్లో "జె4" అనే పిలుస్తారు.

దీన్ని మోసం అనలేం. ఇదొక ఇంజనీరింగ్ ఉపాయం. ఆ ఉపాయం వల్లే స్టీలు పళ్లెం, గ్లాసు కూలి కుటుంబం ఇంటికి కూడా చేరాయి. డబ్బాలకి, పళ్లేలకి, గ్లాసులకి, మంచినీళ్లకి అది చాలు. కానీ క్రోమియం కొంత తక్కువ, నికెల్ దాదాపు లేదు కాబట్టి ఉప్పు, పులుపు కలిసి గంటల తరబడి నిలిస్తే తట్టుకోలేదు. ఉప్పులోని క్లోరైడ్ ఆ పలచని పొరని అక్కడక్కడా పొడిచి చిన్న చిన్న గుంటలు చేస్తుంది. మా అమ్మ చూసిన చుక్కలు అవే.

తప్పు ఎక్కడుందంటే, 200 సిరీస్‌ని 304 అని చెప్పి, 304 ధరకి అమ్మడంలో. రేకు మిల్లు దగ్గర ప్రతి కాయిల్‌కీ పరీక్ష పత్రం ఉంటుంది. ఆ రేకు కోత కోసేవాళ్ల చేతికి, గిన్నె నొక్కే చిన్న యూనిట్‌కి, టోకు వ్యాపారికి, చివరికి మన ఊరి కొట్టుకి వచ్చేసరికి పత్రం జారిపోయి మాట ఒక్కటే మిగులుతుంది. నకిలీల బెడద తగ్గించడానికి పైపుల వ్యాపారంలో జిందాల్ స్టెయిన్‌లెస్ "జిందాల్ సాథీ" పేరుతో ముద్ర వేసే పద్ధతి తెచ్చింది. గిన్నెల విషయంలో భారత ప్రభుత్వం 2024లో ఐఎస్ 14756 ప్రమాణాన్ని, ఐఎస్ఐ గుర్తుని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు తెచ్చింది. ముడిసరుకు, పనితనం, పనితీరు ఎలా ఉండాలో ఆ ప్రమాణం చెబుతుంది.

జాజ్‌పూర్, అప్పులు, మళ్లీ నిలబడటం

సంస్థ దేశం దాటింది 2004లో. ఇండోనేసియాలో సురబాయ దగ్గర గ్రెసిక్‌లోని మాస్పియన్ వారి కోల్డ్ రోలింగ్ మిల్లుని కొనుక్కుంది. తర్వాత స్పెయిన్‌లోనూ యూనిట్ వచ్చింది. మరోవైపు, ఖనిజం దగ్గరికే వెళ్దామని సుకిందాకి పక్కనే, ఒడిశా జాజ్‌పూర్ జిల్లా కళింగనగర్‌లో భారీ కర్మాగారం తలపెట్టింది. ఫెర్రో క్రోమ్, కరెంటు, కరిగించడం, రోలింగ్, అన్నీ ఒకేచోట.

2005 మార్చి 31న ఓపీ జిందాల్ ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయన హర్యానా విద్యుత్ మంత్రి. జాజ్‌పూర్‌కి తెచ్చిన అప్పు నెత్తిన ఉండగానే 2008 ఆర్థిక సంక్షోభం వచ్చింది. నికెల్ ధరతో పాటు స్టెయిన్‌లెస్ ధరా కూలిపోయింది. చైనా నుంచి చౌక సరుకు పోటెత్తింది. బ్యాంకులు కలిసి అప్పుల్ని తిరిగి సర్దుబాటు చేసే సీడీఆర్ పద్ధతిలోకి సంస్థ వెళ్లాల్సి వచ్చింది. 2015లో హిసార్ భాగాన్ని వేరే కంపెనీగా విడదీశారు. సీడీఆర్ నుంచి బయటపడింది 2019 మార్చిలో. అంటే దాదాపు పదేళ్ల పాట్లు. 2023లో హిసార్, జాజ్‌పూర్ మళ్లీ ఒకే కంపెనీ అయ్యాయి. ఇప్పుడు రతన్ జిందాల్ చైర్మన్, ఆయన కొడుకు అభ్యుదయ్ జిందాల్ మేనేజింగ్ డైరెక్టర్. 2024-25లో టర్నోవర్ 40 వేల కోట్ల రూపాయలు దాటింది.

నికెల్ బెంగ మాత్రం వదల్లేదు. దాని కోసమే ఇండోనేసియాలోని హల్మహేరా దీవిలో నికెల్ పిగ్ ఐరన్ కరిగించే సంస్థలో 49 శాతం వాటా తీసుకుంది. 2024లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. ఒకప్పుడు నికెల్ లేకుండా ఎలా చేయాలా అని తలపట్టుకున్న సంస్థ, ఇప్పుడు నికెల్ ఉన్న చోటికే వెళ్లింది.

గిన్నె మీద రాయని ఖర్చు

ఈ కథని ఒక విజయగాథగా ముగిస్తే సగమే చెప్పినట్టు. సుకిందా లోయ పేరు 2007లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన ప్రపంచంలోని అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాలో, మొదటి పది చోట్లలో ఒకటిగా వచ్చింది. అక్కడ పలు సంస్థల క్రోమైట్ గనులున్నాయి. గనుల నీళ్లలో హెక్సావాలెంట్ క్రోమియం అనే విషపూరిత రూపం చేరి దామశాల వాగులోకి, ఊళ్ల బావుల్లోకి వెళ్లడం అక్కడి సమస్య.

కంగారు పడకండి, మీ గిన్నెలోని క్రోమియం ఆ రూపంలో ఉండదు. అది లోహంగా, స్థిరంగా ఉంటుంది. కానీ మన వంటింట్లో పనికొచ్చే ఆ 15, 18 శాతం అంతా ఎవరో ఒకరి ఊళ్లోంచే వస్తోంది. గిన్నె గ్రేడు అడగడం ఎంత న్యాయమో, ఆ ఊరికి శుభ్రమైన నీళ్లు ఇస్తున్నారా అని అడగడమూ అంతే న్యాయం. స్టీలు పారేయకుండా మళ్లీ కరిగించడానికి ఇవ్వడం మన చేతిలో ఉన్న పని. స్టెయిన్‌లెస్‌ని ఎన్నిసార్లయినా కరిగించి మళ్లీ వాడవచ్చు. అలా వెనక్కి వెళ్లిన మేరకు కొత్త క్రోమైట్ అవసరం తగ్గుతుంది.

చాండ్లర్‌లో మన పక్కనే

మన చాండ్లర్ తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇంటెల్‌తోనో, దానికి సరుకిచ్చే సంస్థలతోనో పని. ఓకటీయో క్యాంపస్‌లో చిప్పులు తయారయ్యే గదులకి వాయువులు తీసుకెళ్లే సన్నని గొట్టాలు కూడా స్టెయిన్‌లెస్సే. 316ఎల్ అనే రకం, లోపలి గోడని విద్యుత్‌తో అద్దంలా నునుపు చేస్తారు. 304కి మాలిబ్డినం 2, 3 శాతం చేర్చి, కార్బన్ తగ్గిస్తే వచ్చేది ఇదే. అక్కడ ఒక్క గొట్టం ముక్కకి కూడా పత్రం లేకుండా లోపలికి రానివ్వరు. ఆ క్రమశిక్షణలో పగలంతా గడిపే మనం, ఇంటికొచ్చి పిల్లలు తినే గిన్నె గురించి మాత్రం ఎవరో చెప్పిన మాటని నమ్మేస్తాం.

నేను నేర్చుకున్నవి కొన్ని, మీకు పనికొస్తాయని రాస్తున్నాను:

- ఇండియాలో కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, గ్రేడు రెండూ చూడండి. గ్రేడుని బిల్లు మీద రాయమనండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.
- అమెరికాలో గిన్నె అడుగున 18/10, 18/8, 18/0 చూడండి. 18/0 చెడ్డది కాదు, ఇండక్షన్ పొయ్యి మీద పనిచేస్తుంది.
- చారు, పులుసు, సాంబారు, పచ్చడి నిలవ ఉంచడానికి 304, లేదా గాజు, జాడీ. 200 సిరీస్ గిన్నెల్ని పప్పులు, బియ్యం, పిండి, వడ్డనకి ఉంచుకోండి.
- నీళ్లు మరిగాక ఉప్పు వేయండి. చల్లటి నీళ్లలో వేస్తే ఉప్పు అడుగున పేరుకుని, అక్కడే గుంటలు పడతాయి.
- ఇనుప పీచుతో తోమకండి. దాని ముక్కలు గిన్నెకి అంటుకుని అవే తుప్పు పడతాయి. క్లోరిన్ బ్లీచ్ అసలు వద్దు.
- ఇక్కడి నీళ్లలో ఖనిజాలు ఎక్కువ. కడిగాక తుడిచి ఆరబెట్టండి. తెల్లటి మచ్చలు వస్తే వెనిగర్ రాసి వెంటనే కడిగేయండి.

స్క్రాప్ యార్డు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇదంతా అమ్మకి నాకు తెలిసినంత మేర చెప్పాను. కొత్తవలస పేరు వినగానే లేచి కూర్చుంది. "మన కొత్తవలసా? అక్కడిది ఇందులోకి వస్తుందేటి?" గిన్నె మీద మిల్లు పేరు ఉండదు కాబట్టి ఫలానా కొలిమిదని చెప్పలేం. ఇలాంటి గిన్నెల్లోని క్రోమియానికి మాత్రం అలాంటి కొలిములే పుట్టిల్లు.

ఆ సాయంత్రం అమ్మే పైఅలమర్లోంచి గిన్నె కిందికి దించింది. ఇప్పుడు దాంట్లో మా పాప పల్లీలు, బెల్లం ముక్కలు ఉంటాయి. అంచు మీద పేరు చక్కగా కనిపిస్తుంది. పులుసుకి మాత్రం వేరే గిన్నె కొన్నాం, అడుగున 18/10 అని చూసి. ఇండియా వెళ్లగానే ఆ కొట్టతన్ని బిల్లు మీద గ్రేడు రాయమని అడుగుతానని అమ్మ గట్టిగా అనుకుంది. అడిగింది కూడా. ఫోన్‌లో చెప్పింది: "రాసేడే, 202 అని. ధర కూడా తగ్గించీసాడు."